ఒడ్డున నా మనిషి కావలెను

ఇంటి అరుగు మీదా, వంటగదిలోనూ, సెల్‌ఫోనులోనూ కూర్చుని నా రాకపోకలపై ఉత్తర్వులు జారీ చేయు అధికారం గల సమస్త పెద్దలకు, పేర్లు రాసే ధైర్యం లేనందున పేర్లు లేకుండానే, భోగాపురం అవతలి సముద్రపుటొడ్డు గ్రామంలో ఉపాధ్యాయినిగా పనిచేయుచున్న తమ అమ్మాయి సవినయంగా విన్నవించుకొనునది.

అమ్మా, ముందు క్షేమ సమాచారాలు. నేను కులాసా. నువ్వూ, నాన్నా, నానమ్మ మోకాళ్ళూ, ఈనిన గేదే ఎలా ఉన్నారో వేర్వేరుగా తెలియజేయాలి. “అందరం బాగున్నాం” అని ఒక్క మాటతో చుట్టేస్తే అంగీకరించబడదు. ఇక్కడ గాలిలోనే ఉప్పు ఉంది. చీపురుపల్లిలో నువ్వు కొనిచ్చిన ట్రంకు పెట్టెకు మూడు నెలలకే తుప్పు పట్టింది, నాకు పట్టలేదు. చేపలకు లోటు లేదు గానీ రాగి అంబలికి ఉంది. చోడిపిండి పంపించు. మొదట్లో ఆదివారాలు మాట్లాడే మనిషి లేక గదిలో ఫ్యానుతో మాట్లాడేదాన్ని. అది ఎన్ని వేగాల్లో తిరిగినా ఒకే సమాధానం చెప్పేది. అందుకే సముద్రం దగ్గరకు వెళ్ళాను.

ఇక అభియోగం సంగతి. నేను సముద్రంలో తేలే పలక మీద నుంచి అలలో పడిపోయిన వీడియో మన వీధి ఫోన్లన్నీ తిరిగి నీ దాకా వచ్చింది. నువ్వు ఫోనులో అన్నది యథాతథంగా నమోదు చేస్తున్నాను: “ఏటే, పిల్లలకి సదువు సెప్పడానికెల్లినావా, సెక్క మీద సావడానికెల్లినావా? బదిలీ పెట్టుకుని వచ్చీ.”

రాను. జవాబు క్లుప్తంగా ఉన్నందుకు మన్నించాలి. పొడిగించినా అర్థం మారదు.

దాన్ని సర్ఫింగు అంటారు. అల తోసుకొస్తుంటే పలక మీద లేచి నిలబడి ఒడ్డుకు రావడం. నేర్పేది నూకాలు, చేపలవాళ్ళ కోడలు, నా ఈడుదే. ఆమె నిబంధనల ముందు మన జిల్లా విద్యాశాఖ నిబంధనలు పసిపిల్లలు. నడుము లోతు దాటకూడదు. మెత్తని పలకే వాడాలి, దాని తాడు చీలమండకు కట్టుకోవాలి. అలకూ మనకూ మధ్య పలక ఉండకూడదు, మొహం పగులుతుంది. పడితే తలకిందులుగా కాక వెల్లకిలా పడి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని పైకి తేలాలి. వీడియోలో నేను చేసింది అదే, దాన్ని నువ్వు మునిగిపోవడం అన్నావు. అంతకు ముందు రెండు క్షణాలు నిటారుగా నిలబడ్డాను. తీసినవాళ్ళు ఆ ముక్క కత్తిరించారు.

ఇప్పుడు నీకు తెలియని నేరం కూడా ఒప్పుకుంటాను. మూడో ఆదివారం నూకాలు ఇంకొకరి తాడు బిగిస్తుండగా నేను ఆగలేక దిగాను. ఎక్కడ? రెండు వైపులా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక చోట నీరు నున్నగా, మర్యాదగా ఉంది. మడి గట్ల మీద పెరిగినదాన్ని, కదలని నీరు లోతు లేని నీరనుకున్నాను. పలక మీద పడుకున్నానో లేదో ఒడ్డు వెనక్కి పోసాగింది. ఒడ్డుకేసి చేతులు వేసిన కొద్దీ దూరమైంది. నాకు భయం వేసింది, ఈ వాక్యం వ్యంగ్యం కాదు.

అప్పుడు ఒడ్డు నుంచి నూకాలు అత్త పోలమ్మ గొంతు వినిపించింది: “ఒసే పంతులమ్మా, ఎదురెల్లకే. పలక ఒగ్గీకు. పక్కకి రా, పక్కకి.”

ఆ మాట నాకు కొత్త కాదు. వానాకాలం మన మడికి గండి పడినప్పుడు, పదేళ్ళ నన్ను గట్టు మీద నుంచి నువ్వు తిట్టిన తిట్టే అది. అందుకే ఆలోచించకుండా విన్నాను. పలకను కావలించుకుని ఒడ్డు వెంబడి పక్కకు చేతులు వేశాను. అలలు విరిగే చోటికి చేరగానే అవే నన్ను తెచ్చి ఇసుకలో పడేశాయి.

నూకాలు అరవలేదు. “ఆడ అల నేదంటే మంచిదనుకున్నావా? ఒచ్చిన నీరంతా ఆడ నుంచే లోపలికెల్లిపోతన్నాది. నీకు గండి తెల్దా?” అంది. తెలుసు. నీ పొలంలోనే నేర్చుకుని, ఇక్కడ మరిచిపోయాను.

ఇక్కడొక ఆచారముంది. పడవ నీట్లోకి దిగితే, అది అలలు దాటేదాకా ఆ ఇంటి మనిషి ఒకరు ఒడ్డున నిలబడి చూడాలి. నూకాలు దాన్ని తన తరగతిలోనూ అమలు చేసింది. నా తరపున పోలమ్మ అదనపు బాధ్యతలతో నిలబడేది. ఇప్పుడు పడవలు పొద్దున్నే వచ్చేస్తుంటే ఆమె చేపల బుట్టతో సంతకు పోతోంది. రెండు ఆదివారాలుగా నేను పలక పక్కన ఇసుకలో కూర్చుంటున్నాను. “ఒడ్డున నీ మనిసెవులు?” అని నూకాలు అడుగుతుంది. ఒంటరిగా దిగను, అది భయం కాదు, చదువు. మానను కూడా.

నాన్నకూ నానమ్మకూ నమస్కారాలు. నీ పాదాలకు ప్రస్తుతం దూరం నుంచే మొక్కుతున్నాను. దగ్గరి నుంచి మొక్కడం కింది అంశంపై తమ నిర్ణయాన్ని బట్టి ఉంటుంది.

ఇట్లు,
ధిక్కారంతోనూ దీవెనల ఆశతోనూ,
సత్యవతి

డిమాండు నంబరు 1: వచ్చే ఆదివారం ఉదయం అమ్మ స్వయంగా వచ్చి, నేను నీట్లో ఉన్నంతసేపూ ఒడ్డున నిలబడవలెను. తడవనవసరం లేదు. గట్టు మీద నిలబడినట్టే నిలబడి, నేను తప్పు చోట దిగితే ఊరంతా వినేలా తిట్టవలెను.

నంబరు 2 లేదు.