మొదటి అర్రలో గుంత

కరీంనగర్,
12-11-1958

షోలాపూర్‌లో ఉన్న మా అంబదాస్ అన్నకు, చెల్లె సక్కుబాయి దండం పెట్టి రాసేది.

నేను తిని తిరుగుతున్నాను. నువ్వు వేళకు తింటున్నావో లేదో నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మిల్లు సంగతి రెండు పేజీలు రాస్తావు, నీ సంగతి వచ్చేసరికి కాగితం చాలదు. ఆ అలవాటు ఎప్పుడు మానుతావో ఏమో.

మన అర్రల సంగతి అడిగావు. రాస్తాను, కోపం తెచ్చుకోకు. కిరాయికిచ్చిన నాలుగు అర్రలూ ఖాళీ అయ్యాయి. ఆఖరుకు మిగిలిన సిద్దిరాములు కూడా పోయిన నెల పెళ్లాం పిల్లలతో భివండీకి పోయాడు. పోయే ముందు మగ్గం గుంత అంచుకు మొక్కి, ఏడ్చి మరీ పోయాడు. నూలు దొరక్క, దొరికిన నూలుతో నేసిన చీర అమ్ముడుపోక, మనవాళ్లు ఈ ఊళ్లో ఇంకెన్నాళ్లు ఉంటారు?

గంజు బజారు వెనక ఈ జాగా కొన్నప్పుడు మనిద్దరం ఎంత మురిశామో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మీ బావ పోయాక నాకు మిగిలిన బంగారమూ, నీ మగ్గం కష్టమూ కలిపి కొన్నాం. నేతవాడికి ఇల్లంటే ముందు గుంతే అన్నావు. గోడలు లేవకముందే నా వెనక అర్ర వదిలి మిగతా ఐదు అర్రలకు ఐదు మగ్గం గుంతలు తవ్వించావు. "గుంత తవ్వి పెట్టిన అర్ర ఈ ఊర్ల ఎవడిస్తడే? మనోళ్లు ఎగబడతరు సూడు" అన్నావు. అన్నట్టే ఎగబడ్డారు, మూడేళ్లు. నాలుగు మగ్గాల చప్పుడుకు నాకు మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు, లోపల తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ చప్పుడు లేక నిద్ర పట్టడం లేదు.

ఊరు మాత్రం మారిపోయింది. రాష్ట్రాలు కలిసినప్పటి నుంచి కొత్త దఫ్తర్లు, కొత్త గుమస్తాలు, పంతుళ్లు. ఒక్క అర్ర కోసం నలుగురు తిరుగుతున్నారు. మన ఎదురింటివాళ్లు గొడ్ల కొట్టానికి సున్నం కొట్టి కిరాయికిచ్చారంటే నమ్ముతావా? మన అర్రలు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయాయి. పోయిన నెలాఖరున ఇళ్ల బేరగాడు రాయమల్లు ఒక గుంటూరు గుమస్తాను తీసుకొచ్చాడు. ఆయన లోపల అడుగుపెట్టి, గుంత చూసి వెనక్కి దూకాడు.

"ఇంట్లో ఈ గొయ్యేమిటండీ? మా పిల్ల పడితే?" అన్నాడు.

"నేసెటోడు కాళ్లు పెట్టుకునే గుంత సారూ" అన్నాను.

"మా కాళ్లు పైనే ఉంటాయి లెండి" అని నవ్వి వెళ్లిపోయాడు.

రాయమల్లు నా మీద గయ్యిమన్నాడు. "సక్కవ్వా, గీ గుంతలకు మొక్కుకుంట కూసుంటే నీ కడుపు నిండుతదా? జర మన్ను పోపియ్యి. రేపే నలుగురిని దెస్త" అన్నాడు.

మనలో గుంత మనిషి పోయాకే పూడుస్తారని అతనికేం తెలుసు? మొదటి తట్ట ఇంటివాళ్లే పోయాలి. బతికున్నవాడి గుంతలో మన్ను పోస్తే వాడికి కర్మ చేసినట్టే. అయినా నాలుగు రోజులు ఆలోచించాను. అవి కిరాయివాళ్ల గుంతలు, వాళ్ల సొంత గుంతలు వాళ్ల ఊళ్లలో ఉన్నాయి కదా అని మనసుకు చెప్పుకున్నాను. నాలుగూ పూడ్పించాను. పదిరోజుల్లో నాలుగు అర్రలూ నిండాయి.

మొదటి అర్ర జోలికి పోలేదు. నీ మగ్గం నువ్వు వదిలినట్టే ఉంది. గుంత అంచున దీపం పెడుతున్నాను. ఎవరెంత కిరాయి ఇస్తానన్నా అది ఇచ్చేది లేదు. వదిన పోయింది, పిల్లలు లేరు, నీకు ఈ భూమ్మీద ఉన్నది ఆ ఒక్క చోటే. వచ్చే దసరాకు రా.

నీ చెల్లె,
సక్కుబాయి


కరీంనగర్,
10-12-1961

అన్నా,

మూడు కార్డులు రాసి చించేశాను. ఇది కార్డు మీద రాసే సంగతి కాదు, పోస్టుమాను చదువుతాడు. అందుకే కవరు కొన్నాను.

నీ గుంత పూడ్చాను. ఏడాది దాటింది.

ఇన్నాళ్లూ దీపం పెడుతున్నానని రాసిందంతా అబద్ధం. నిరుడు వానల్లో వెనక గోడ కూలి రెండు అర్రలు ఆకాశం పాలయ్యాయి, అందులో ఉన్నవాళ్లు లేచిపోయారు. అప్పుడు ఆ గుంటూరు గుమస్తానే మళ్లీ వచ్చాడు. వీధి వైపున్న నీ మొదటి అర్ర ఇస్తే ఏడాది కిరాయి ముందే ఇస్తానన్నాడు. ఆ డబ్బుతో గోడ లేచింది. కానీ అంతా గోడ కోసమే అని రాస్తే మళ్లీ సగం అబద్ధమే అవుతుంది. నాకు ఆశ కూడా పుట్టింది అన్నా. అర్ర నిండితే చేతిలో పడే కిరాయి రుచి మరిగాను. నువ్వేమో ఏటా వచ్చే దసరా అంటావు, రావు. ఇక రాడులే అని లోపల్లోపల అనుకున్నాను. ఆ అనుకోవడమే నా పాపం.

మన్ను పోయడానికి పోశం అనే కూలివాణ్ణి పిలిచాను. అతను తట్ట ఎత్తి, గుంత దగ్గర ఆగాడు.

"అవ్వా, మీ అన్న బతికే ఉన్నడు గద?"

"నీకెందుకురా, పొయ్యి" అన్నాను.

అతను తట్ట కింద పెట్టేశాడు. "మొదటిది నేనైతె పొయ్య. గా పాపం నాకెందుకు?" అన్నాడు.

అప్పుడు నేనే పోశాను. ఈ చేతులతోనే. ఆ రోజంతా చేతులు కడుగుతూనే ఉన్నాను. నీ మగ్గం విప్పి అటక మీద పెట్టాను, నాడెలు, కర్రలు ఒక్కటీ పోలేదు.

ఆషాఢంలో నీ ఉత్తరం వచ్చింది. మిల్లులో మనుషుల్ని తీసేస్తున్నారు, ఈ దసరాకు తప్పకుండా వస్తాను, నా మగ్గం మీద కూర్చుంటాను అని రాశావు. అది చదివిన వెంటనే నేరుగా గుమస్తా దగ్గరికి వెళ్లి, మా అన్న వస్తున్నాడు, అర్ర ఖాళీ చేయమన్నాను. "ఏడాది కిరాయి ముందే ఇచ్చాను కదమ్మా. ఈ ఊళ్లో ఇల్లు దొరకడం మీకు తెలియదా? ఎక్కడికి పొమ్మంటారు?" అన్నాడు. చెడ్డమనిషి కాదు. ఆయన మాటా నిజమే. కిరాయిదారును ఉత్తినే లేపడానికి చట్టం ఒప్పుకోదట. చివరికి కేసు వేశాను, నేను! కచేరి గడప తొక్కని నేను!

వకీలు ఒక్కటే మాట చెప్పాడు. "మీ అన్నను తెచ్చి జడ్జి ముంగట నిలవెట్టు. సొంత మనిషికి అర్ర కావాలంటే వింటరు. మనిషే లేకుంటె నేనేం జెప్పాలె?"

నిన్ను రమ్మని రాయాలంటే గుంత సంగతి రాయాలి. నాకు ధైర్యం చాలలేదు. వాయిదాల మీద వాయిదాలు తీసుకున్నాను. దసరా పోయింది, నువ్వు రాలేదు. పోయిన నెల పదహారున ఆఖరు వాయిదా. పొద్దున్నుంచి కచేరి మెట్ల మీద కూర్చుంటే సాయంత్రం పిలిచారు. నీ అన్న ఏడీ అన్నారు. షోలాపూర్‌లో ఉన్నాడన్నాను. కేసు కొట్టేశారు.

నేనుండే వెనక అర్ర ఉంది. అందులో నీకు గుంత తవ్విస్తాను. మగ్గం పడితే నా పొయ్యి వాకిట్లోకి పోతుంది, పోనీ. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలు దాటింది. తిట్టు అన్నా, చెల్లెవే కావు పొమ్మను, కానీ ఒక్క ముక్క రాయి.

నీ సక్కు


భైంసా,
4-1-1962

సక్కూ,

నీ కవరు షోలాపూర్ పోయింది. అక్కడ నాతో పనిచేసిన ఇస్తారి దాన్ని ఇక్కడికి పంపితే నిన్న చేతికొచ్చింది. నేను భైంసాలో ఉన్నాను. పత్తి మిల్లులో గింజ తీసే మిషన్లకు పత్తి అందించే పని. సీజను ఉన్నంత కాలం ఉంటుంది. మిల్లు వెనక ఒక కిరాయి అర్రలో నలుగురం ఉంటున్నాం.

ముందు ఒక మాట. నీ అర్రలో గుంత తవ్వించకు. ఎనిమిదేళ్లు మరమగ్గాల ముందు నిలబడి నా మోకాళ్లు పోయాయి. గుంతలో దిగితే ఎవరో ఒకరు చంకల కింద చేతులేసి లేపాలి. ఈ సంగతి నీకెప్పుడూ రాయలేదు. నువ్వు దీపం గురించి అబద్ధం రాసినట్టే, మగ్గం మీద కూర్చుంటానని నేనూ రాశాను. ఆ గుంత ఒకటి ఉందని తలుచుకుంటే అక్కడ మిషన్ల రొదలో పొద్దు గడిచేది, అంతే.

రెండో మాట రాయకుండా ఉందామనుకున్నాను. నువ్వు అన్నీ రాశాక నేను దాచడం న్యాయం కాదు. నేను కరీంనగర్ వచ్చాను. పోయిన నెల కాదు, ఆ ముందు నెల, పదహారున.

మిల్లువాళ్లు మమ్మల్ని మాన్పించారు. దసరాకు రావడానికి చేతిలో ఏమీ లేక కార్తీకం దాకా ఆగాను. మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా ఇంటికి వచ్చాను. మొదటి అర్ర తలుపు తీసే ఉంది. గుంత ఉన్నచోట మంచం, మంచం మీద ఒక పాప నిద్రపోతోంది. నేల చదునుగా అలికి ఉంది. నేను పోయానని ఎవరో నీకు తప్పు కబురు చెప్పారనుకున్నాను. ఇంకో కారణం నాకు తోచలేదు.

గుమస్తా భార్య బయటికి వచ్చి ఎవరు కావాలంది. నీ పేరు చెప్పాను. "కోర్టుకు వెళ్లిందండీ. మమ్మల్ని ఖాళీ చేయించాలని కేసు పెట్టింది. ఎక్కువ కిరాయికి ఎవరో దొరికినట్టున్నారు" అంది. నేను నమ్మాను. నా చెల్లె అలాంటిదైపోయిందా అని కోపం వచ్చింది. నీ ఉత్తరం చదివాకే తెలిసింది, నువ్వు ఆ రోజు ఆ మెట్ల మీద కూర్చున్నది నా కోసమని. కచేరి ఎంత దూరం? బీడీ కాల్చేలోపల వచ్చేవాణ్ణి. వచ్చి నిలబడితే చాలేది. నిన్నటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

పోబోతూ పోబోతూ, ఇక్కడ అర్ర ఏదైనా ఖాళీ ఉందా అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. కోపంలోనూ ఎక్కడికీ పోబుద్ధి కాలేదు. ఆమె నా భుజం మీది మూట చూసింది. అందులోంచి నాడె కొస కనబడుతోంది.

"మీరు నేతవారా?" అంది. "నేతవాళ్లకు ఇవ్వదండీ ఇంటావిడ. గుంతలు అడుగుతారని."

నేను ఏమన్నానో విను, నవ్వినా సరే, ఏడ్చినా సరే. "నేను నేతోన్ని గానమ్మా" అన్నాను. మన ఇంటి వాకిట్లో నిలబడి, మన ఇంట్లో చోటు కోసం ఆ మాట అన్నాను. అయినా ఖాళీ లేదంది. పాపం, మంచినీళ్లు ఇచ్చింది. తాగి బస్సు స్టాండుకు పోయాను.

ఆ గుమస్తాను మళ్లీ కదిలించకు, ఉండనీ.

అంబదాస్