కాలవ లేని చేను

జోసెఫూ,

నువ్వు ఇక్కడ జ్వరంతో పోయి నేటికి రెండేళ్లు. రామచంద్రపురంలో వరి ఊడ్పులు మొదలయ్యాయి.

నిన్న టాంజానియాలోని మీ ఊరి నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వస్తే మా అమ్మాయి చదివి చెప్పింది. కాకినాడ కాలేజీలో నీతో చదివిన కెన్యా, మలావి కుర్రాళ్లు చదువవగానే తమ ఇళ్లకి కాక ముందు మీ ఊరికే వెళ్లారట. మీ దేశాల ఆకలి మీరే తీర్చాలని మీరంతా అనుకున్నారు కదా, అలాగే కలిసి రెండెకరాల్లో వరి వేశారట.

సెలవుల్లో నా దగ్గర సేద్యం నేర్చుకుంటూ నువ్వు రాసుకున్న నోట్‌బుక్కు వెంట తీసుకెళ్లి, అది చూసే అన్నీ చేశారు. విత్తనాలు నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి, మొలకొచ్చాక చల్లారు. నారు పచ్చగా వచ్చింది. నారు పీకి చేలో ఊడ్చిన పదో రోజుకి వాగు ఎండిపోయింది. ఊళ్లో కుర్రకారంతా బిందెలతో నీళ్లు మోసినా చేను దక్కలేదు.

"నీళ్లు ఆగిపోతే ఏం చేయాలి అని జోసెఫ్ ఒక పేజీ పైన రాశాడు. కింద ఖాళీగా ఉంది. మీరు చెబితే మళ్లీ వేస్తాం" అని రాశారు.

ఆ పేజీ రాసిన రోజు మా చేని గట్టు మీద నువ్వు, "నీళ్లు రాకపోతే ఏంటండి చేసేది?" అన్నావు.

నేను నవ్వేశాను. "కాలవుంది కదయ్యా, ఎందుకు రావు?"

నువ్వు పేజీ తిప్పేశావు.

నలభై ఏళ్లుగా వ్యవసాయం నేనే చేస్తున్నాననుకున్నాను. చేసిందంతా కాలవే. వాళ్లకేం రాయాలో తెలియక నీకు రాస్తున్నాను.