పైడమ్మ వదిన చేతి నీళ్లు

మంగళవారం, గోపాల్‌పూర్

సరుగుడు తోట కొట్టేసిన చోట పైడమ్మ వదిన జీడి మొక్కలు నాటింది. ఏళ్ల తరబడి రాలిన ఆకు జిడ్డు ఆ ఇసుకకు పట్టేసింది. నీళ్లు పోస్తే ఇంకకుండా జారిపోతాయి. పై పొర గీకి చెరువు మట్టి కలిపితే పీల్చుకుంటుందని నాకు తెలుసు. తెలిసీ, పోయిన వారం టీ కొట్టు దగ్గర, నీళ్లు ఇంకడం లేదని ఆమె వాపోతే, అందరి ముందూ అన్నాను: “నీ సేతి నీళ్లు బూదేవి కూడా ముట్టదే, వదినా!” అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

మొగుడు పోయిన మనిషి, నిజమే అనుకుంది. ఆ రోజు నుంచి మొక్కల దగ్గరికే పోలేదట. ఈరోజు చూస్తే సగం మాడిపోయాయి.

తప్పు ఆమె చేతిది కాదని చూపిద్దామని, ఆమెను తీసుకెళ్లి నేనే చెంబుడు నీళ్లు పోశాను. అవీ పూసల్లా దొర్లిపోయాయి. “సూసావా?” అన్నాను.

వదిన నావైపు జాలిగా చూసింది. “అయ్యో మరిదీ! నువ్వేటి పాపం సేసావు?”

పార అందుకుని, తల ఎత్తకుండా చీకటి పడేదాకా ఇసుక గీకాను. తెలిసే అలా అన్నానన్న అసలు మాట మాత్రం చెప్పలేదు. రేపైనా...