మధ్యలో ఒక రోజు

మేనేజరు గారికి నమస్కారాలు.

మీ ప్రెస్సులో బైండింగు చేసే పెద్దాయన భార్యను. ఈ ఉత్తరం రాస్తున్నట్టు ఆయనకు తెలియదు.

మీరిచ్చిన సెలవుతో ఆయన గురువారం కొండ ఎక్కడానికి బయలుదేరుతున్నారు. సగం దారిలోని సత్రంలో ఒక రోజు ఆగి, పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడ్డాకే పైకి వెళ్లాలని గైడు చెప్పాడు. సెలవు చాలదని ఆయన ప్రయాణం రాసుకున్న కాగితంలో ఆ రోజును ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. "కూర్చోడానికి కొండ దాకా ఎందుకే, మన మెట్ల మీద కూర్చుంటే పోలా" అని నవ్వారు. కిందటేడు కొండ కింద ఎదురుచూస్తున్న నా దగ్గరికి దిగి వచ్చినప్పుడు ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి. కాసేపు నన్ను గుర్తుపట్టలేదు. ఎవరికీ చెప్పవద్దన్నారు, నేనూ చెప్పలేదు.

ఇంకో రోజు సెలవు ఇప్పుడే ఇవ్వకండి. ఇస్తే పక్క శిఖరం కూడా ఎక్కుతానంటారు. ఆ శిఖరానికి అనుమతి ముందే తీసుకోవాలి, అక్కడికి వెళ్లాక దొరకదట. అందుకని శుక్రవారం సాయంత్రం సత్రానికి ఫోను చేసి, కటింగు మిషను చెడిపోయింది, మంగళవారం కాదు, బుధవారం వస్తే చాలని చెప్పండి. రోజు దొరికితే ఆయన్ను ఆపే పూచీ తనదని గైడు మాటిచ్చాడు. సత్రం నంబరు వెనక రాశాను.

అబద్ధం ఆడమని ఇంతవరకు నేనెవరినీ అడగలేదు. ఈ పాపం మీది కాదు, నాదేనని పొద్దున దేవుడికి చెప్పుకున్నాను.

శనివారం తెల్లవారకముందే లేవాలని ఆయన ఏడింటికే పడుకుంటారు. దయచేసి ఆలోపు ఫోను చేయండి.

మీ బైండరు భార్య