ఎర్రచొక్కాల మీద తెల్ల అంకెలు

పెరంబూరు,
సోమవారం

నా బంగారు పరిమళకు,

క్యాంపులో ఫోన్లు లాక్కున్నారని మొదట తిట్టుకున్నాను గాని, నీ చేతిరాత చూడటం బాగానే ఉంది. తెలుగులోనే రాయి. తమిళంలో రాస్తే మీ వార్డెనమ్మ నాకంటే ముందు చదివేస్తుంది.

పాలవ్యాను జెబరాజ్ అన్నతో ఈ ఉత్తరం, మీ కబడ్డీ జట్టు చొక్కాలు పంపుతున్నాను. ఎర్ర పాలిస్టర్ మీద వేడితో అతికించే తెల్ల వైనల్ ప్లాస్టిక్ అంకెలు, మల్లెపూలలా వచ్చాయి. అవతలివాళ్ళు పట్టి లాగినా అంకె ఊడకూడదని, నూలు చొక్కాలకు పెట్టే వేడి పెట్టి రెండేసిసార్లు ప్రెస్ చేశాను. నీ మాట మీద మన ప్రింటింగ్ అంగడికి పని ఇచ్చారు కదా, మీ కోచ్ రాసాత్తి మేడంకు నా నమస్కారాలు చెప్పు.

వేళకు తినే కెప్టెన్‌గా ఉండు.
మీ అమ్మ, భువనేశ్వరి

షోళింగనల్లూరు,
బుధవారం

అమ్మా,

అంకెలన్నీ రోజా రంగుకు తిరిగిపోయాయి. నిన్న పొద్దున తెల్లగానే ఉన్నాయి. ఇవాళ ఎరుపులో కలిసిపోయి, నాలుగడుగుల దూరం నుంచి నా నంబరే నాకు కనబడలేదు. ఇలాగైతే ఆదివారం మ్యాచ్‌లో రెఫరీ ఒప్పుకోడట. మేడం అందరి ముందూ నన్ను నిలబెట్టి, “ఎవరి అంగడే అది?” అని అడిగింది. పిల్లలంతా నన్నే చూస్తున్నారు. ఏదో జవాబు చెప్పాను.

వేరే చొక్కాలు చేసి జెబరాజ్ అన్నతోనే పంపు. నువ్వు రావద్దు.

పరిమళ

పెరంబూరు,
గురువారం

నా తల్లికి,

తప్పు నాది. ఎక్కువ వేడి తగిలితే పాలిస్టర్ రంగు పైనున్న వైనల్‌లోకి ఎక్కుతుంది. అప్పటికప్పుడు కనబడదు, తర్వాత మెల్లగా బయటపడుతుంది. తెలిసిన పనే, అయినా నీ జట్టని అతిజాగ్రత్తకు పోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది.

ఈసారి రంగును అడ్డుకునే బూడిదరంగు పొర ఉన్న వైనల్ తెచ్చి, వేడి తగ్గించి చేస్తున్నాను. రేపు నేనే తెస్తాను. నా తప్పుకు నువ్వు తిట్లు తింటుంటే నేను ఈడ ఎట్లా కూర్చోను?

నీ కోసం దిగులుపడే
అమ్మ

పెరంబూరు,
శుక్రవారం సాయంత్రం

పరిమళకు,

చొక్కాలు మేడం చేతికే ఇచ్చాను. అంకెలు గోటితో గీకి చూసి బాగున్నాయన్నారు. తర్వాత, “మీ అంగడి పేరు పరిమళే చెప్పింది, కానీ అది ఎవరిదో తనకి సరిగ్గా తెలీదంది. మీరేనా ఓనరు?” అని అడిగారు.

నేను ఖాళీ సంచి మడతపెట్టుకున్నాను. “నేను ఆడ పనికుండే దాన్ని మేడం. ఓనరు వేరే” అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు పైన కిటికీలో నిన్ను చూశాను. నువ్వు పక్కకు తప్పుకున్నావు. నొప్పి కలగలేదంటే అబద్ధమే. బస్సులో ఏడ్చాను కూడా. కానీ జట్టులో నీ చోటు పోతుందని భయపడ్డావు, అది నాకు అర్థమవుతుంది. ఆ మాట నా దగ్గరే ఉంటుంది. బాగా ఆడు. ఆదివారం నేను రానులే.

అమ్మ

షోళింగనల్లూరు,
శనివారం

అమ్మా,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివి, అక్కడి నుంచి నేరుగా మేడం గదికి వెళ్ళాను. “నిన్న వచ్చింది మా అమ్మ. అంగడి మాదే” అని చెప్పాను.

 “వెయిల్లో, అంత ఎండలో పడి వచ్చింది ఆమె. నీళ్ళు కూడా ఇయ్యకుండా పంపేశానే” అంది మేడం. తర్వాత, నేను అబద్ధం చెప్పినందుకు రేపటి ఆటకు శరణ్యను కెప్టెన్ చేసింది. ఆడే ఏడుగురిలో నేను లేను.

నాకు ఏడుపొచ్చింది, దాచను. కానీ రాత్రి నిద్ర పడుతుందనిపిస్తోంది.

ఆటలో లేని కూతురిని చూడ్డానికి రమ్మని ఏ మొహంతో అడగను? అయినా అడుగుతున్నాను. రా అమ్మా. నేను గేటు బయటే నిలబడి ఉంటాను. మేడంకు, పిల్లలకు నిన్ను నేనే చూపించాలి.

నీ కూతురు
పరిమళ