నిఘంటువులో నా దెబ్బలు

కలకత్తా, బౌబజార్

శబ్దకోశం సంపాదకులు భుజంగభూషణ్ సాన్యాల్ గారికి నిరాపద సమాద్దార్ నమస్కరించి రాయునది.

మీ కొత్త సంపుటం చూశాను. 'గణధోలాయ్: జనమంతా కలిసి ఒకణ్ణి ఉతికెయ్యడం. పుట్టుక తెలియదు' అని రాశారు. తెలియకపోవడమేమిటండీ? అది పుట్టింది నా వీపు మీద! శియాల్దా చేపల బజార్లో ఒకడు నా పర్సు కొట్టేశాడు. "దొంగ, దొంగ!" అంటూ వెంటపడ్డాను. వాడూ "దొంగ, దొంగ!" అంటూనే పరుగెత్తాడు. వాడు బక్కపలచన, నేనేమో బస్తాలాంటి మనిషిని. జనానికి అందింది నేనే. అప్పుడే గొడుగు పట్టుకున్న ఒకాయన ఆ మాటన్నాడు. అంతకుముందు ఎవరూ అనగా నేను వినలేదు.

ఆ మాట కింద 'మొదట తిన్న నిరాపద సమాద్దార్ నిర్దోషి' అని ఒక్క ముక్క వేయించండి. అచ్చులో ఉంటే లోకం నమ్ముతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, నిరాపద

తా.క.: లోకం అంటే మా అల్లుడు పరిమళ్. నా పక్కన కూర్చునే ముందు ప్రతిసారీ పర్సు అటువైపు జేబులోకి మార్చుకుంటాడు.

*

నిరాపదబాబూ, నమస్కారం.

మీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వినందుకు తర్వాత సిగ్గుపడ్డాను. కుర్చీలో కూర్చుని మాటల పుట్టుక చెప్పే మనిషిని, ఇంతవరకు ఒక్క దెబ్బ తిన్న పాపాన పోలేదు. కానీ సాక్ష్యం లేనిదే అచ్చెయ్యలేను. మిమ్మల్ని కొట్టినవాళ్ళలో ఒక్కరైనా దొరక్కపోతారా? ఆదివారం నేనే బజారుకి వచ్చి అడుగుతాను. పదింటికి మూల మీది టీకొట్టు దగ్గర ఉండండి.

భవదీయుడు,
భుజంగభూషణ్

తా.క.: నన్ను గుర్తుపట్టడం తేలిక. నున్నటి బట్టతల. ఎంత జనంలో ఉన్నా కనిపిస్తుంది.

*

భుజంగబాబూ,

మాట తప్పడం మీలాంటి పెద్దమనుషులకి తగదు. అల్లుణ్ణి వెంటేసుకుని వచ్చి టీకొట్టు దగ్గర పడిగాపులు పడ్డాను. మీ జాడ లేదు. బజార్లో మాత్రం ఎవణ్ణో ఉతికి ఆరేస్తున్నారు. "ఏం చేశాడండీ?" అన్నాను. "ఏమో! ముందు ఒకటి వెయ్యండి, తర్వాత అడుగుదురుగాని" అన్నాడు పక్కాయన. వద్దు వద్దనుకుంటూనే జనంలోకి చెయ్యి పెట్టాను. మొహం కనపడలేదు గానీ, విచిత్రం చూడండి, వాడిదీ బట్టతలే. ఒక్కటి వేశాను.

కోపంతో,
నిరాపద

తా.క.: ఇంక నా పేరు వెయ్యక్కర్లేదు. దొంగని కొట్టినవాడు దొంగెలా అవుతాడని అల్లుడికి నమ్మకం కుదిరింది. ట్రాము ఎక్కుతూ తన పర్సు నా చేతికిచ్చి, "కాస్త పట్టుకోండి నాన్నగారూ" అన్నాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు.

*

నిరాపదబాబూ,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు మన్నించండి.

నేను వచ్చాను. పదింటికి ముందే వచ్చాను. "నిరాపదబాబుని మొదట కొట్టిందెవరు?" అని చేపలవాళ్ళని అడిగాను. నన్ను చూసి మఫ్టీ పోలీసన్నాడొకడు. కాదు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్నాడు ఇంకొకడు. జనం రెండోవాడి వైపు మొగ్గారు. అంతలో ఎవరో "గణధోలాయ్!" అని అరిచారు. నా బుద్ధి చూడండి, అన్నదెవరో రాసుకుందామని జేబులోంచి పెన్సిలు తీశాను. కత్తి అనుకున్నారు.

అయితే నెత్తిమీద పడ్డది మీ దెబ్బన్నమాట. అది బాగా గుర్తుంది. అదొక్కటే కాస్త మొహమాటంగా తగిలింది.

మీమీద కోపం లేదు, బాధ మాత్రం చాలా ఉంది. నిజం బయటపెడితే నేను పెద్దమనిషినవుతాను, మీరు మళ్ళీ అల్లుడి ముందు తలదించుకోవాలి. అందుకని అతనికేమీ చెప్పకండి. ఆదివారం తన్నులు తిన్నవాడు దొంగే. తర్వాతి అచ్చులో అర్థం మాత్రం మారుస్తున్నాను: 'ముందు కొట్టి, తర్వాత అడగడం.' పుట్టుక ఇంకా తెలియదు.

మీ,
భుజంగభూషణ్

తా.క.: నాకూ ఒక అల్లుడున్నాడు. నిన్న ఆస్పత్రికి చూడ్డానికొచ్చాడు. మంచం మీద నా పక్కన కూర్చునే ముందు పర్సు అటువైపు జేబులోకి మార్చుకున్నాడు.