ఏడో దారి, నీలం గేటు

సైకిలు దారుల పుస్తకం రాసిన పెద్దమనిషికి,

నమస్కారం. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకూ తెలియదు. అయినా మీ పుస్తకం ముప్పై నాలుగో పేజీలో నా ఇల్లుంది.

"ఏడో దారి. నదిని వదిలాక మూడు కిలోమీటర్ల పైచిలుకు ఎత్తు ఎక్కాలి. ఎక్కగానే మలుపులో నీలం గేటు. అడిగితే మంచినీళ్లిస్తారు" అని రాశారు. ఎవరిస్తారు? నేనే ఇవ్వాలి. నేను బట్టలు కుట్టుకు బతికేదాన్ని. కొలత చూసి కత్తెర పెట్టబోయేసరికి గేటు దగ్గర గంట. వెళ్లి చూస్తే ఎర్రగా ఉడికిపోయిన మొహంతో ఒకాయన. మాట పెగలదు, చేత్తో సైగ చేస్తాడు. నీళ్లిచ్చి వచ్చి కూర్చున్నానో లేదో మళ్లీ గంట. పోయిన ఆదివారం పంతొమ్మిది మంది వచ్చారు. ఆ హడావుడిలో ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను.

దయచేసి నా ఇంటిని మీ పుస్తకంలోంచి తీసేయండి.

ఇట్లు,
నీలం గేటు ఇంటి టైలరు

తా.క.: ఆ ఎత్తు మూడు కిలోమీటర్లు కానే కాదు. ఎక్కి వచ్చినవాళ్ల మొహాలు చూస్తే అయిదుకి తక్కువుండదు.

*

గౌరవనీయులైన టైలరుగారికి,

నమస్కారాలు. తప్పు నాదే. ముప్పై ఒక్క ఏళ్లు సర్వేయరుగా పనిచేసి, రిటైరయ్యాక ఈ గుట్టల మీదా నదుల వెంటా సైకిలు మీద తిరిగి పద్నాలుగు దారులు పుస్తకంగా వేశాను. ఎప్పుడో మీ గేటు దగ్గర ఎవరో నాకు నీళ్లిచ్చారు. ఆ కృతజ్ఞతతో రాశానే గాని ఇచ్చేవాళ్ల ఇబ్బంది ఆలోచించలేదు.

పుస్తకాలు అచ్చయిపోయాయి కాబట్టి ఒక సవరణ చీటీ వేయించి అన్నిటికీ అంటించాను. సైకిలు షాపులకీ పంపాను. అందులో ఇలా ఉంది: "ఏడో దారి. నీలం గేటు దగ్గర ఆగవద్దు. అక్కడి ఆవిడకి కోపం ఎక్కువ."

ఇక మీకు ఏ ఇబ్బందీ ఉండదు.

భవదీయుడు,
రిటైర్డు సర్వేయరు

తా.క.: ఎత్తు మూడు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు. ఈ విషయంలో మాత్రం నేను చీటీ వేయను.

*

సర్వేయరుగారికి,

కోపం ఎక్కువా?

మీ చీటీ వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ ఏం జరుగుతోందో తెలుసా? మలుపు రాగానే అందరూ సైకిళ్లు దిగి, పిల్లి నడకలతో నా గేటు దాటుతున్నారు. ఒకావిడ తన సైకిలు గంట మోగకుండా గుప్పిట్లో పట్టుకుని మరీ వెళ్లింది. నిన్న ఒకాయన కోపిష్టి ఆవిడ ఎలా ఉంటుందో చూద్దామని గోడ మీంచి తొంగిచూసి కంచెలో పడ్డాడు. లాగి కూర్చోబెట్టి నీళ్లిస్తే, తాగుతూ "కోప్పడరు కదండీ?" అని అడిగాడు. ముళ్లకి నిక్కరు చిరిగితే కుట్టి పంపించాను.

ఇంకో సంగతి. ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మిషను చప్పుడొక్కటే. ఇదివరకు అది చాలనిపించేది.

చీటీ మార్చండి.

ఇట్లు,
కోపం లేని టైలరు

తా.క.: మీ ఉత్తరంలో అక్షరాలు ఆడవాళ్లవి. మీ ఆవిడకి చెప్పండి, దస్తూరి ముత్యాల్లా ఉంది. కానీ "కోపం ఎక్కువ" అని మీరు చెబుతుంటే నోరు మూసుకుని రాసిందంటే, ఆవిడ మిమ్మల్ని బాగా నెత్తికెక్కించుకుందని అర్థమైంది.

*

టైలరుగారికి,

నమస్కారాలు. రెండో చీటీ వేయించాను: "ఏడో దారి. నీలం గేటు ఆవిడకి కోపం లేదు. మంచి మనిషి. చిరిగిన నిక్కర్లు కూడా కుడతారు."

ఈసారి పొరపాటు ఉండదనుకుంటాను.

అన్నట్టు నన్ను నెత్తికెక్కించుకోవడానికి ఆవిడెవరూ లేరు. కొలతల గొలుసు పట్టుకుని పొలాల వెంట తిరిగే ఉద్యోగంలో పెళ్లి మాట వాయిదా పడుతూ పడుతూ, చివరికి గుర్తుచేసేవాళ్లు కూడా లేకుండా పోయారు. ఉత్తరాలు రాసిపెట్టేది మా అక్క కూతురు. బడిలో లెక్కలు చెబుతుంది. నా దస్తూరి నాకే అర్థం కాదు.

భవదీయుడు,
సర్వేయరు

తా.క.: ఇది మేనకోడలు రాస్తున్నది. చీటీలో "మంచి మనిషి" అన్న మాట మామయ్య మూడుసార్లు కొట్టేయించి, నాలుగోసారి ఉంచమన్నాడు. ఇన్ని కొట్టివేతలు మా ఆరో తరగతి పిల్లల లెక్కల్లో కూడా ఉండవు.

*

సర్వేయరుగారికి,

మీ చీటీ ధర్మమా అని నా ముందు పదకొండు నిక్కర్లున్నాయి. ఒకాయన బాగున్నదాన్ని చించుకుని వచ్చాడు. చిరుగు కత్తెరతో కోసినట్టు తిన్నగా ఉంటే నాకు తెలియదా? తెలిసినా కుట్టాను. కుట్టేంతసేపూ వరండాలో కూర్చుని కబుర్లు చెబుతారు. పిండి మిల్లు దాటాక గులకరాళ్లున్నాయట, మలుపులో చక్రం జారుతోందట. నది పక్కన గాలి ఎప్పుడూ ఎదురే కొడుతుందట, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కూడా. అది ఎలా కుదురుతుందో మీరే చెప్పాలి.

ఒకటి మాత్రం అడగాలి. మిల్లు దగ్గర చెక్క వంతెన దాటమని రాశారు. అది కొట్టుకుపోయి రెండేళ్లయింది. ఇప్పుడు అందరూ దిగువ వంతెన మీంచే వస్తున్నారు. మొన్న ఒక పిల్ల ఒడ్డున పుస్తకం పట్టుకుని నిలబడి నిలబడి, చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చి "వంతెన ఏదండీ?" అంది. నేనేమైనా దాచానా?

మీరీమధ్య ఈ దారిన రాలేదన్నమాట. ఒకసారి వచ్చి మీ కళ్లతో చూసుకోండి. మీ ఊరి నుంచి నా గేటుకి ముప్పై ఎనిమిది కిలోమీటర్లని మీ పుస్తకమే చెబుతోంది. ఆదివారం మీ కోసం చూస్తాను.

ఇట్లు,
టైలరు

తా.క.: సైకిలుకి మీటరున్న ఒకాయన్ని ఎత్తు ఎంతని అడిగాను. మూడు కిలోమీటర్ల రెండు వందల మీటర్లే అన్నాడు. ఆ మీటరు పాడైనట్టుంది.

*

టైలరుగారికి,

నమస్కారాలు. మీ పిలుపుకి ధన్యవాదాలు. కానీ ఆదివారం రాలేను. సైకిలు రిపేరులో ఉంది. పైగా గాలి ఎక్కువగా ఉంది. చుట్టాలు కూడా వస్తామన్నారు.

భవదీయుడు,
సర్వేయరు

*

సర్వేయరుగారికి,

ఒక్క కారణం చెప్పుంటే నమ్మేదాన్ని. మూడు చెప్పారు.

ఆదివారం పొద్దున్నే మిషను మూసేసి, మంచి చీర కట్టుకుని సాయంత్రం దాకా వరండాలో కూర్చున్నాను. మీ ఉత్తరం సోమవారం అందింది. రావడం ఇష్టం లేదంటే సరిపోయేది. ఏదో ఉత్తరాలు బాగున్నాయి కదా అని నేనే చనువు తీసుకున్నాను. ఇక రాయకండి. నేనూ రాయను.

టైలరు

తా.క.: లేదు.

*

టైలరుగారికి,

ఇది నా దస్తూరే. వరసలు ఒకదాని మీదొకటి ఎక్కితే మన్నించండి.

సైకిలు రిపేరులో లేదు. ముందు గదిలో ఉంది. వారానికోసారి నూనె వేస్తాను. చుట్టాలెవరూ రాలేదు. గాలి సంగతి నాకు తెలియదు.

మూడేళ్లయింది నాకు చూపు తగ్గి. ఎదురుగా ఉన్నది మసక. పక్కలవి మాత్రం కాస్త తెలుస్తాయి. అంటే రోడ్డు కనపడదు, రోడ్డు పక్క గొర్రెలు కనపడతాయి. డాక్టరు సైకిలు ఎక్కవద్దన్నారు. పుస్తకం ఆ తర్వాత రాసిందే, జ్ఞాపకం మీద. కళ్లు మూసుకుంటే పద్నాలుగు దారులూ మలుపు మలుపూ కదులుతాయి. వంతెన పోయిందని నాకెవరూ చెప్పలేదు. చూపు లేనివాడు దారి చెప్పడమేమిటని నవ్వుతారని ఈ సంగతి నేనూ మేనకోడలికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మీరు రాసిన గులకరాళ్లు, ఎదురుగాలి, ఒడ్డున నిలబడ్డ పిల్ల, ఇవన్నీ చదివించుకుని వింటుంటే మళ్లీ ఆ దారిన పోతున్నట్టుంటుంది. మీరు చీర కట్టుకుని కూర్చున్నారన్న మాట విన్నాక రెండు రోజులు అన్నం సహించలేదు.

మీరు రాయకపోయినా తప్పులేదు. నిజం చెప్పాలని మాత్రం రాశాను.

మీ
సర్వేయరు

తా.క.: మేనకోడలిని. ఈ ఉత్తరానికి మామయ్యకి రెండు రోజులూ పదకొండు కాగితాలూ పట్టాయి. నేను రాసిపెడతానంటే కసురుకున్నాడు. కోపం ఎక్కువ అని చీటీ అంటించాల్సింది ఈయనకి.

*

మేనకోడలమ్మకి,

ఇది మీ మామయ్యకి గట్టిగా చదివి వినిపించు. మధ్యలో నవ్వితే ఆగి నవ్వు.

సర్వేయరుగారూ, మీ ఉత్తరం అందిన వారానికే మొగుడూ పెళ్లాం ఇద్దరు టీచర్లు సీటు గుడ్డ కుట్టించుకోవడానికి వచ్చారు. వాళ్లది ఇద్దరు తొక్కే సైకిలు, ఒకరి వెనక ఒకరు కూర్చునేది. ఆ అమ్మాయికి ఇప్పుడు అయిదో నెల. పురుడయ్యే దాకా దీన్ని ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నామన్నారు. నా వరండాలో పెట్టండి అన్నాను.

కుట్టుపని నేర్చుకునే రోజుల్లో ఆరేళ్లు సైకిలు మీదే తిరిగాను. అయినా ఇంత పొడుగుది ఎప్పుడూ ఎక్కలేదు. మూడు వారాలు గేటు ముందు తిప్పాను. నాలుగుసార్లు పడ్డాను. నా కుట్లు నేనే వేసుకున్నాను, బట్టలకే లెండి. నిక్కర్ల వాళ్లంతా వంతులవారీగా వెనక సీటు పట్టుకుని పరిగెత్తారు.

ఇవాళ తెల్లవారగానే బయల్దేరాను. ఎత్తు దిగేటప్పుడు ఎవరూ వినకుండా అరిచాను. నది పొడుగునా పొగమంచు ఉంది. అవతలి గుట్టలు దుప్పటి కప్పుకు పడుకున్న మనుషుల్లా ఉన్నాయి. మిల్లు దగ్గర గులకరాళ్లు ఊడ్చేశారు. ఎదురుగాలి మాత్రం నిజమే.

దారిలో అందరూ ఒకటే ప్రశ్న. మిల్లు మనిషి "వెనకాయన ఏడమ్మా?" అన్నాడు. దిగువ వంతెన మీద చేపలు పట్టే ఆయనా అదే. గొర్రెలు తోలుకెళ్లే ఆవిడైతే "ఎక్కడో పడిపోయినట్టున్నాడు, చూసుకో!" అని కేకేసింది. అందరికీ ఒకటే చెప్పాను: "తీసుకురావడానికే వెళ్తున్నా."

వెనక కూర్చున్నవాళ్లు రోడ్డు చూడక్కర్లేదట. హ్యాండిలు తిప్పడం, బ్రేకు నొక్కడం నా పని. మీరు తొక్కితే చాలు. గొర్రెలు కనపడితే చెప్పండి. ఇవాళ నది దాకా వెళ్లొద్దాం. ఎత్తు సంగతి మరో రోజు చూద్దాం.

ఉత్తరానికి స్టాంపు లేదేమిటా అని చూడకండి. మీ మెట్ల మీద కూర్చుని రాసి తలుపు కిందనుంచి తోస్తున్నాను.

మీ
ముందు సీటు

తా.క.: త్వరగా రండి. మీ వీధిలో జనం కూడా చేరి అడుగుతున్నారు, వెనకాయన ఏడని.